లేజరు చూసేది నీటిని కాదు

(కర్నూలులో ఇంజనీరింగు, డిప్లొమా విద్యార్థులు, భౌతికశాస్త్ర ఉపాధ్యాయులు కలిసిన ఒక సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక వరుసల్లో కూర్చున్నవారికి మాట వినిపిస్తోందా? వినిపించకపోతే చెయ్యి ఎత్తండి, మైకు దగ్గరగా పెట్టుకుంటాను.

కర్నూలులో ఉన్నాం కాబట్టి తుంగభద్ర గురించే ఒక ప్రశ్న అడుగుతాను. నీళ్లు బాగా వచ్చే రోజుల్లో వంతెన మీద నుంచి కిందికి తొంగి చూడనివారు మీలో ఎవరూ ఉండరు. స్తంభానికి ముందు నీరు ఉబ్బుతుంది. స్తంభం వెనక సుడులు ఒకసారి ఎడమ పక్క నుంచి, ఒకసారి కుడి పక్క నుంచి విడిపోయి కిందికి సాగిపోతాయి. ఆ సుడులు మనకు ఎలా కనిపిస్తున్నాయి? నీరు పారదర్శకం కదా! నీటిలోనే కదిలే నీటికి అంచు ఎక్కడుంది? మన కంటికి ఆనేది నురుగు, ఆకులు, పుల్లలు, కలిసివచ్చిన మట్టి. మనం చూసేది నీటిని కాదు, నీటితోపాటు పోయే మరో పదార్థాన్ని. అది నీళ్లు పోయినట్టే పోతోందని నమ్మి, నీటి గురించి మాట్లాడుతున్నాం. ఆ నమ్మకం ఎంతవరకు సరైనది? నేను ఈ రోజు చెప్పేదంతా ఈ ప్రశ్న గురించే. లేజరు, కెమెరా, కంప్యూటరు అన్నీ వస్తాయి. కానీ అసలు ప్రశ్న ఇదే.

ఈ ప్రశ్నను పరీక్షించే చోటు వాటర్ టన్నెల్. ఆ పేరు వినగానే మన వైపు కొండ తొలిచి కాలువ తీసుకుపోయే సొరంగం గుర్తుకు వస్తుంది, అవుకు సొరంగం లాంటిది. నేను చెప్పేది ప్రయోగశాల గదిలో ఉండే పరికరం. మూసిన గొట్టాల చుట్టు ఒకటి ఉంటుంది. పంపు నీటిని తోస్తుంది. మూలలు తిరిగిన నీరు మెలికలతో, సుడులతో గందరగోళంగా వస్తుంది. దాన్ని ముందు తేనెపట్టు ఆకారపు గళ్ల గుండా, తర్వాత సన్నని జాలీల గుండా పంపి శాంతింపజేస్తారు. ఆ తర్వాత గొట్టం క్రమంగా సన్నబడుతుంది. అక్కడ నీరు వేగం పుంజుకుని, అడ్డంగా అన్ని చోట్లా దాదాపు ఒకే వేగంతో, గాజు లేదా యాక్రిలిక్ గోడలున్న పెట్టెలోకి వస్తుంది. మనం పరీక్షించే వస్తువు ఆ పెట్టెలో ఉంటుంది. ఒక రెక్క కావచ్చు, స్తంభం కావచ్చు, ఓడ ప్రొపెల్లరు కావచ్చు. విశాఖపట్నంలో నౌకాదళం కోసం పనిచేసే ఎన్‌ఎస్‌టీఎల్ ప్రయోగశాలలో ప్రొపెల్లర్ల దగ్గర నీరు ఆవిరి బుడగలుగా మారే తీరును పరీక్షించే పెద్ద టన్నెల్ ఉంది. చిన్నవి మన దేశంలో ఐఐటీల్లో, బెంగళూరు ఐఐఎస్‌సీలో ఉన్నాయి.

విమానం రెక్కను కూడా నీటిలో పెట్టి పరీక్షిస్తారంటే కొందరికి వింతగా ఉంటుంది. గాలిలో ఎగిరేదానికి నీళ్లెందుకు? ప్రవాహం స్వభావాన్ని చాలావరకు రెనాల్డ్స్ సంఖ్య నిర్ణయిస్తుంది. వేగాన్ని వస్తువు కొలతతో గుణించి, శుద్ధగతిక స్నిగ్ధతతో, అంటే చిక్కదనాన్ని సాంద్రతతో భాగిస్తే వచ్చే విలువతో, భాగిస్తే వచ్చే సంఖ్య అది. ఈ స్నిగ్ధత నీటికి గాలికన్నా సుమారు 15 రెట్లు తక్కువ. కాబట్టి అదే వస్తువుతో, అదే రెనాల్డ్స్ సంఖ్యను నీటిలో 15వ వంతు వేగంతోనే తీసుకురావచ్చు. 2 సెంటీమీటర్ల వ్యాసమున్న స్తంభం తీసుకోండి. రెనాల్డ్స్ సంఖ్య 10,000 కావాలంటే గాలి సెకనుకు 7.5 మీటర్ల వేగంతో వీయాలి. నీరు అర మీటరు వేగంతో పారితే చాలు. స్తంభం వెనక సుడులు గాలిలో సెకనుకు 75 జతలు విడిపోతాయి, నీటిలో 5 జతలే. సెకనుకు ఐదంటే కంటితో చూసి లెక్కపెట్టగలం! ప్రకృతి మన కోసం నిదానంగా నడిచి చూపిస్తోంది. అందుకే నాకు వాటర్ టన్నెల్ అంటే అంత ఇష్టం.

సరే, వేగం కొలవాలి. ఎలా? నదిలో ఏం చేస్తారో మీలో సివిల్ చదివేవారికి తెలుసు. కరెంట్ మీటరును నీటిలోకి దింపుతారు. దాని గిన్నెలు లేదా రెక్కలు ఎన్నిసార్లు తిరిగాయో లెక్కపెడతారు. పై నుంచి లోతులో 0.6 వంతు దగ్గర ఒకచోట, లేదా 0.2, 0.8 వంతుల దగ్గర రెండుచోట్ల కొలిచి సగటు వేగం చెబుతారు. సుంకేసుల దగ్గర కె.సి. కాలువలోకి ఎంత నీరు వెళ్తోందో తెలుసుకోవడానికి అది మంచి పద్ధతే. 1732లో హెన్రీ పిటో పారిస్‌లోని సేన్ నదిలో ఒక వంగిన గొట్టం ముంచి వేగం కొలిచాడు. పిటో గొట్టం నేటికీ విమానాల మీద ఉంది. కానీ ఈ పరికరాలన్నిటికీ ఒక ఇబ్బంది ఉంది. ఏమిటి? అవి నీటిలో ఉంటాయి. స్తంభం వెనక సున్నితమైన సుడి తిరుగుతుంటే అందులోకి ఒక గొట్టం దూర్చామనుకోండి, ఆ సుడి ముందటి సుడిగా ఉంటుందా? గొట్టం తన సుడులను తాను పుట్టిస్తుంది. కొలిచేదే కొలవాల్సినదాన్ని మార్చేస్తుంది.

తాకకుండా చూడాలన్న ఆరాటం కొత్తది కాదు. 1883లో మాంచెస్టరులో ఆస్బోర్న్ రెనాల్డ్స్ గాజు గొట్టంలో సన్నని రంగు ధారను వదిలి, అది తిన్నగా సాగే ప్రవాహం ఎప్పుడు చెదిరి కల్లోలంగా మారుతుందో చూశాడు. ఇందాకటి సంఖ్యకు ఆయన పేరే పెట్టారు. జర్మనీలో లుడ్విగ్ ప్రాంట్ల్ చేత్తో తిప్పే చక్రంతో నీటి తొట్టిలో ప్రవాహం కల్పించి, నీటి మీద మెరిసే ఖనిజపు రేణువులు చల్లి, గోడను ఆనుకుని ఉండే పలుచని సరిహద్దు పొర గురించి 1904లో చెప్పాడు. విమాన శాస్త్రమంతా ఆ పొర మీద నిలబడి ఉంది. అయితే వాళ్లకు కనిపించినవి బొమ్మలు. ఇక్కడ వేగం ఇంత, అక్కడ అంత అని అంకెలు రావడానికి మరో అరవై ఏళ్లు పట్టింది.

1960లో థియోడర్ మైమన్ మొదటి లేజరును పనిచేయించాడు. 1964లోనే, న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో యిన్ యే, హెర్మన్ కమిన్స్ హీలియం-నియాన్ లేజరుతో గొట్టంలో పారే నీటి వేగం కొలిచారు. నీటిలో సూక్ష్మమైన ప్లాస్టిక్ గోళాలు కలిపారు. కదిలే గోళం మీద పడి చెదిరిన వెలుగు పౌనఃపున్యం రవ్వంత మారుతుంది. డాప్లర్ ప్రభావం, మీరు పాఠాల్లో చదివినదే. ఆ మార్పు నుంచి వేగం వస్తుంది. ఈ పద్ధతే లేజర్ డాప్లర్ వెలాసిమెట్రీ. పొట్టిగా ఎల్‌డీవీ అంటాం.

తర్వాత స్థిరపడిన ఎల్‌డీవీలో ఒకే లేజరును రెండు కిరణాలుగా చీల్చి, నీటిలో ఒక బిందువు దగ్గర కలుపుతారు. రెండూ కలిసిన చోట వ్యతికరణం వల్ల వెలుగు, చీకటి చారలు ఏర్పడతాయి. 514.5 నానోమీటర్ల ఆకుపచ్చ లేజరు, కిరణాల మధ్య 10 డిగ్రీల కోణం అనుకుంటే, చారకూ చారకూ మధ్య దూరం సుమారు 3 మైక్రోమీటర్లు. ఒక రేణువు ఆ చారలను దాటుతుంటే మెరిసి ఆరుతూ, మెరిసి ఆరుతూ పోతుంది. సెకనుకు ఒక మీటరు వేగంతో పోతే ఎన్నిసార్లు మెరుస్తుంది? సెకనుకు సుమారు 3 లక్షల 40 వేల సార్ల చొప్పున. ఆ మెరుపులను ఒక డిటెక్టరు లెక్కపెడుతుంది. మెరుపుల పౌనఃపున్యాన్ని చారల దూరంతో గుణిస్తే వేగం. అంతే! ఇందులో ఒక గొప్ప గుణం గమనించండి. చారల దూరం తరంగదైర్ఘ్యం మీద, కోణం మీద మాత్రమే ఆధారపడుతుంది. కరెంట్ మీటరును అప్పుడప్పుడు తొట్టిలో నడిపి సరిచూసుకోవాలి. దీనికి ఆ అవసరం లేదు.

నీటిలోకి వెళ్లేసరికి కిరణాలు వంగుతాయి కదా, కోణం మారదా అని ఇక్కడ ఎవరో ఒకరు అడగాలి. మారుతుంది. నీటిలో కోణం తగ్గుతుంది. తరంగదైర్ఘ్యం కూడా అదే నిష్పత్తిలో తగ్గుతుంది. కిరణాలు సమతలంగా ఉన్న గోడ గుండా రెండు పక్కలా సమానంగా లోపలికి వెళ్లినప్పుడు ఈ రెండు మార్పులూ ఒకదాన్నొకటి కొట్టివేస్తాయి, చారల దూరం గాలిలో ఎంతో నీటిలోనూ అంతే. ఈ లెక్కను ఇంటికి వెళ్లాక కాగితం మీద చేసి చూడండి, నాలుగు పంక్తులు కూడా పట్టదు. మారేది కిరణాలు కలిసే చోటు. అది గాలిలోకన్నా ఎక్కువ లోతుకు జరుగుతుంది. ఆ జరుగుడును లెక్కలోకి తీసుకోకపోతే వేగం సరిగ్గానే వస్తుంది, కానీ మీరు అనుకున్న చోటి వేగం కాదు.

ఇక దిశ సంగతి. చారలు కదలకుండా ఉంటే రేణువు ఇటు నుంచి అటు వెళ్లినా, అటు నుంచి ఇటు వచ్చినా మెరుపులు ఒకలాగే ఉంటాయి. స్తంభం వెనక నీరు వెనక్కి తిరుగుతుంది కాబట్టి ఇది చిన్న సమస్య కాదు. అందుకని ఒక కిరణం పౌనఃపున్యాన్ని బ్రాగ్ సెల్ అనే పరికరంతో, సాధారణంగా 40 మెగాహెర్ట్జ్, మారుస్తారు. అప్పుడు చారలే ఒకవైపు పరుగెత్తుతాయి. ఎదురు వచ్చే రేణువుకు మెరుపులు పెరుగుతాయి, అదే వైపు పోయేదానికి తగ్గుతాయి.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. కొలిచింది రేణువును. నీటి సగటు వేగం చెప్పాలంటే ఏం చేస్తాం? వచ్చిన రేణువుల వేగాలన్నీ కూడి, రేణువుల సంఖ్యతో భాగిస్తాం. సహజంగా అనిపిస్తుంది. కానీ తప్పు. ఎందుకు? ఒకచోట నీరు సగం సమయం సెకనుకు 1 మీటరు, సగం సమయం 3 మీటర్ల వేగంతో పోతోందనుకోండి. అసలు సగటు 2. అయితే వేగంగా పోయేటప్పుడు ఆ బిందువు గుండా మూడు రెట్లు ఎక్కువ నీరు పోతుంది, దానితో మూడు రెట్లు ఎక్కువ రేణువులు పోతాయి. నిదానమైన రేణువు ఒకటి వస్తే వేగమైనవి మూడు వస్తాయి. ఒకటి, మూడు, మూడు, మూడు. కూడితే పది, నాలుగుతో భాగిస్తే 2.5. నూటికి పాతిక ఎక్కువ! పరికరంలో ఏ లోపమూ లేదు, ప్రతి రేణువు వేగమూ సరైనదే, అయినా జవాబు తప్పు. 1973లో మెక్‌లాఫ్లిన్, టీడర్‌మన్ అనే ఇద్దరు దీన్ని చూపించి, ప్రతి కొలతకూ దాని వేగానికి విలోమంగా బరువు ఇవ్వాలన్నారు. మన ఉదాహరణలో అలా చేసి చూడండి, కచ్చితంగా 2 వస్తుంది. నిజమైన ప్రవాహంలో వేగం మూడు దిశల్లో మారుతుంది కాబట్టి అంత సులువుగా తేలదు. కానీ నా మాటకు ఇంతకన్నా మంచి సాక్ష్యం నాకు తెలియదు. రేణువులు ఓట్లు వేస్తున్నాయి, మనకు కావలసింది నీటి మాట.

ఎల్‌డీవీ ఒక సమయంలో ఒకే బిందువు చూస్తుంది. సుడి ఆకారం మొత్తం ఒక్క క్షణంలో కావాలంటే? ఇక్కడ రొద్దం నరసింహగారిని తలచుకోవాలి. ఇంటిపేరులోనే అనంతపురం వైపు ఊరి పేరు ఉన్న శాస్త్రవేత్త. ఆయన సతీశ్ ధావన్‌గారితో కలిసి 1958లో ప్రచురించిన పరిశోధన గాలి ప్రవాహాల మీద జరిగినదే అయినా మనకు చాలా అవసరం. తిన్నగా సాగే సరిహద్దు పొర కల్లోలంగా మారే ప్రాంతంలో, ఒక చోట ప్రవాహం కొంతసేపు శాంతంగా, కొంతసేపు కల్లోలంగా, మారిమారి ఉంటుంది. ఎంత వంతు సమయం కల్లోలంగా ఉందన్నది అక్కడ అసలైన కొలత. సగటు ఒక్కటే తీస్తే ఏమవుతుంది? ఏ క్షణంలోనూ లేని ఒక ప్రవాహం కాగితం మీదికి వస్తుంది. అందుకే క్షణంలోని బొమ్మ కావాలి.

దానికి వచ్చినదే పీఐవీ, పార్టికల్ ఇమేజ్ వెలాసిమెట్రీ. మన పాత మట్టి మిద్దెల్లో పైకప్పుకు గవాక్షి ఉండేది, పెద్దవాళ్లకు గుర్తుంటుంది. అందులోంచి ఎండ పట్టీలా లోపలికి దిగితే, ఆ పట్టీలో దుమ్ము మెరుస్తూ తేలేది. పట్టీ బయట కూడా అదే దుమ్ము ఉంది, కానీ కనిపించదు. పీఐవీ చేసేది అదే. లేజరు కిరణాన్ని స్తూపాకారపు లెన్స్ గుండా పంపి, సుమారు ఒక మిల్లీమీటరు మందమున్న వెలుగు పలకగా పరుస్తారు. నీటిలో సన్నని రేణువులు కలుపుతారు. వెలుగు పలకకు లంబంగా, పక్క నుంచి కెమెరా చూస్తుంది. రెండుసార్లు లేజరు మెరిపించి రెండు ఫొటోలు తీస్తారు. మొదటి ఫొటో నుంచి రెండో ఫొటోకు రేణువులు ఎంత జరిగాయో చూసి, మధ్య గడిచిన సమయంతో భాగిస్తారు. సూత్రం ఇంతే. ఈ పేరు 1984లో వచ్చింది. అప్పట్లో ఫిల్ము మీద తీసి, కడిగి, చుక్క చుక్కగా పరిశీలించేవారు. 1991లో విల్లర్ట్, ఘరీబ్ డిజిటల్ కెమెరాతో చేసి చూపించాక రోజులు పట్టే పని నిమిషాల్లోకి వచ్చింది.

ఎక్కువగా వాడేది నియోడిమియం-యాగ్ లేజరు. దాని 1064 నానోమీటర్ల అదృశ్య కిరణపు తరంగదైర్ఘ్యాన్ని సగం చేసి 532 నానోమీటర్ల ఆకుపచ్చగా మారుస్తారు. ఒక్కో మెరుపు పది నానోసెకన్ల లోపే. అర మీటరు వేగంతో పోయే రేణువు అంత తక్కువ సమయంలో 5 నానోమీటర్లు మాత్రమే జరుగుతుంది. పది మైక్రోమీటర్ల రేణువుకు అది రెండు వేలవ వంతు. ఫొటోలో కదలిక వల్ల మసక అన్నదే ఉండదు.

ఒక లెక్క వేద్దాం, కాగితం ఉన్నవారు రాసుకోండి. కెమెరాలో అడ్డంగా 2048 పిక్సెళ్లు, చూసే ప్రాంతం 20 సెంటీమీటర్లు. అంటే పిక్సెలుకు సుమారు 0.1 మిల్లీమీటరు. ఫొటోను 32 పిక్సెళ్ల గళ్లుగా విభజిస్తాం, అంటే 3.2 మిల్లీమీటర్ల గడి. మొదటి ఫొటోలోని గడిని రెండో ఫొటో మీద జరుపుతూ, ఎంత జరిపితే చుక్కలు బాగా కలుస్తాయో కంప్యూటరు వెతుకుతుంది. ఒక్కో చుక్కనూ వెంబడించదు, చుక్కల గుంపు మొత్తం ఎటు జరిగిందో చూస్తుంది. రేణువులు గడిలో పావు వంతుకు మించి జరగకూడదన్నది పాత నియమం, అంటే 8 పిక్సెళ్లు, 0.8 మిల్లీమీటరు. నీటి వేగం సెకనుకు అర మీటరు. అయితే రెండు మెరుపుల మధ్య ఎంత సమయం ఉండాలి? 1.6 మిల్లీసెకన్లు. గళ్లను సగం సగం అతివ్యాప్తి చేస్తే ఒక్క జత ఫొటోల నుంచి సుమారు 16 వేల చోట్ల వేగం, దిశ వస్తాయి.

జరిగిన దూరాన్ని పిక్సెలులో పదో వంతు వరకు చెప్పగలమని సాధారణంగా అంటారు. 8 పిక్సెళ్లలో 0.1 అంటే నూటికి సుమారు ఒకటి. చాలా బాగుంది. కానీ స్తంభం వెనక నీరు నిదానంగా ఉన్నచోట రేణువులు ఒక్క పిక్సెలే జరుగుతాయి. అక్కడ అదే 0.1 నూటికి పది అవుతుంది. ఒకే ఫొటో, ఒకే లేజరు, ఒకే రోజు. ఒక మూల నమ్మకం ఒకలా, ఇంకో మూల ఇంకోలా ఉంది. రంగురంగుల బొమ్మలో ఆ తేడా కనిపించదు. నాకు నిజంగా బాధ కలిగేది ఇక్కడే. అందమైన బొమ్మ తెర మీద పెట్టి, ఏ ప్రాంతంలో ఎంత నమ్మవచ్చో చెప్పకుండా వదిలేస్తే అది కొలత కాదు.

ఇక రేణువు సంగతి. ఎలాంటిది కావాలి? నీటితో సమానమైన సాంద్రత ఉండాలి, లేకపోతే మునుగుతుంది లేదా తేలుతుంది. చిన్నదిగా ఉండాలి, నీరు మలుపు తిరిగితే తానూ వెంటనే తిరగాలి. అదే సమయంలో కెమెరాకు కనిపించేంత పెద్దదిగా ఉండాలి. నీటిలో ఇది కష్టమే, ఎందుకంటే గాజు, నీటి వక్రీభవన గుణకాల మధ్య తేడా గాలిలోకన్నా తక్కువ, కాబట్టి వెలుగు తక్కువ చెదురుతుంది. అందుకే లోపల బోలుగా ఉండి, పైన వెండి పూత ఉన్న గాజు గోళాలు వాడతారు. 10 మైక్రోమీటర్ల గోళం, సాంద్రత నీటికన్నా నూటికి పది ఎక్కువ అనుకుందాం. స్టోక్స్ సూత్రం ప్రకారం అది సెకనుకు 5.5 మైక్రోమీటర్లు మునుగుతుంది. గంటకు 2 సెంటీమీటర్లు. నీటి వేగంలో మార్పుకు స్పందించడానికి పట్టే సమయం సుమారు 6 మైక్రోసెకన్లు. అర మీటరు వేగంతో పారే నీటిలో ఈ రేణువు మాట నమ్మవచ్చు.

మరి మన తుంగభద్ర ఇసుక వేస్తే? 0.2 మిల్లీమీటర్ల ఇసుక రేణువు సెకనుకు రెండు సెంటీమీటర్లకు పైగా మునుగుతుంది. అది ఇసుక ప్రయాణం చెబుతుంది, నీటి ప్రయాణం చెప్పదు. ఇసుక ప్రయాణమే మీకు కావాలంటే అది వేరే ప్రయోగం, మంచి ప్రయోగమే.

ఎంత పొడి కావాలో కూడా చెబుతాను, ఇది వింటే ఆశ్చర్యపోతారు. ఒక్కో గడిలో పది రేణువులైనా ఉండాలి. ఘన మిల్లీమీటరుకు ఒకటి, లీటరుకు పది లక్షలు. వెయ్యి లీటర్ల టన్నెల్‌కు వంద కోట్లు! తూకం వేస్తే? అర గ్రాముకు కాస్త ఎక్కువ, అంతే. గోడలకు అంటుకునేవి, అడుగున చేరేవి ఉంటాయి కాబట్టి కాస్త ఎక్కువ వేస్తాం.

మనం పిలవకుండా వచ్చే రేణువు ఒకటుంది. గాలి బుడగ. లేజరుకు అది బ్రహ్మాండంగా మెరుస్తుంది, కెమెరా దాన్నే ముందు చూస్తుంది. 0.1 మిల్లీమీటరు బుడగ సెకనుకు సుమారు 5 మిల్లీమీటర్లు పైకి లేస్తుంది. చల్లని నీటిని టన్నెల్‌లో నింపి, మధ్యాహ్నం గది వేడెక్కితే, నీటిలో కరిగిన గాలి బయటికి వచ్చి గోడలకు, మోడలుకు పట్టుకుంటుంది. కర్నూలు ఎండల్లో ఇది ఖాయం. అందుకని ముందు రోజే నీరు నింపి, గది వేడికి రానిచ్చి, బుడగలు పోయేవరకు ఆగాలి.

వేడి అన్నాను కాబట్టి థర్మామీటరు గురించి గట్టిగా చెబుతాను. నీటి స్నిగ్ధత 20 డిగ్రీల దగ్గర ఉన్నది 30 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి నూటికి ఇరవై తగ్గుతుంది. 40 డిగ్రీలకు మూడో వంతు పోతుంది. పొద్దున ఒక లెక్క, మధ్యాహ్నం అదే పంపు వేగానికి వేరే రెనాల్డ్స్ సంఖ్య. లక్షల రూపాయల లేజరు పెట్టి, పది రూపాయల శ్రద్ధ ఉష్ణోగ్రత మీద పెట్టకపోతే మీ ప్రయోగాల పుస్తకంలోని అంకెలకు అర్థం ఉండదు. ప్రతి ప్రయోగానికీ ముందు, తర్వాత నీటి ఉష్ణోగ్రత రాయండి. రాయండి, తప్పక రాయండి.

ఇప్పుడు వంతెన స్తంభం దగ్గరికి వెళ్దాం. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ నీళ్లు ఊళ్లోకి వచ్చిన సంగతి ఇక్కడ ఎవరికీ చెప్పనవసరం లేదు. అంతటి వరదలో స్తంభానికి ఎదురైన నీరు స్తంభం వెంబడి కిందికి దూకుతుంది. అడుగున చుట్టుకుని, గుర్రపు నాడా ఆకారంలో ఒక సుడిగా మారి, రెండు పక్కలా సాగుతుంది. పునాది దగ్గరి ఇసుకను తోడేసేది ఆ సుడే. ఇందులో మోసం ఏమిటంటే, వరద తీసే కొద్దీ తోడిన గుంత మళ్లీ ఇసుకతో పూడిపోవచ్చు. నీళ్లు తగ్గాక వెళ్లి చూసిన ఇంజనీరుకు చదునైన ఇసుక కనిపిస్తుంది, వరద నడుమ ఎంత లోతు కోసుకుపోయిందో తెలియదు. అందుకే ఆ సుడిని ప్రయోగశాలలో చూడాలి. వెలుగు పలకను స్తంభం ముందు నిలువుగా నిలబెడితే, కిందికి దూకే నీరు, అడుగున తిరిగే సుడి వేగాలతో సహా కనిపిస్తాయి.

ఇక్కడ అడుగు భాగం లేజరు వెలుగుకు తెల్లగా వెలిగిపోయి, దాని పక్కన ఉన్న రేణువులను మింగేస్తుంది. మనకు కావలసినది సరిగ్గా అక్కడే! దీనికి మంచి ఉపాయం ఉంది. రోడమిన్ అనే రంగు కలిపిన రేణువులు వాడతారు. అవి ఆకుపచ్చ వెలుగు తీసుకుని నారింజ రంగు వెలుగు ఇస్తాయి. కెమెరా ముందు ఆకుపచ్చను ఆపే ఫిల్టరు పెడితే గోడ వెలుగు ఆగిపోతుంది, రేణువులు మిగులుతాయి.

అయితే నిజమైన స్తంభం 2 మీటర్ల వెడల్పు, వరద వేగం 3 మీటర్లు అయితే రెనాల్డ్స్ సంఖ్య 60 లక్షలు. మన మోడలుది 10 వేలు. ఆరు వందల రెట్లు తేడా. పైగా నదికి పైన తెరచిన నీటి మట్టం ఉంటుంది, మూసిన టన్నెల్‌కు ఉండదు. సుడి ఎలా పుడుతుంది, ఎక్కడ కూర్చుంటుంది అన్నది మోడలు బాగా చెబుతుంది. మన వంతెన దగ్గర ఎన్ని మీటర్లు కోస్తుందో ఈ ఒక్క ప్రయోగంతో చెప్పబోకండి.

పీఐవీలో ప్రతి గడి వేగాన్ని, దిశను ఒక బాణంగా గీస్తారు. వాటిలో తప్పుడు బాణాలు ఎప్పుడూ కొన్ని వస్తాయి. రేణువులు వెలుగు పలక దాటి బయటికి పోతే, లేదా గడిలో చుక్కలు చాలకపోతే, కంప్యూటరు ఏదో ఒక జవాబు ఇస్తుంది. అది జవాబు లేదని ఎప్పుడూ అనదు. చుట్టూ ఉన్న ఎనిమిది బాణాల మధ్యగతంతో పోల్చి, పొసగనిదాన్ని తీసేస్తారు. 2005లో వెస్టర్‌వీల్, స్కారానో ఇచ్చిన పరీక్షను అందరూ వాడుతున్నారు. తీసేసిన చోట పక్కవాటి సగటు పెట్టి పూడ్చడం సాఫ్ట్‌వేరుకు అలవాటు. ఎన్ని పూడ్చారో మాత్రం చెప్పి తీరాలి. అది నీటి నుంచి వచ్చిన అంకె కాదు.

ఇప్పుడు జాగ్రత్తలు. ఇది తొందరగా చెప్పి దాటేసే విషయం కాదు. పీఐవీ లేజర్లు నాలుగో తరగతివి, అంటే అత్యంత ప్రమాదకరమైనవి. కన్ను మూసుకోవడానికి సెకనులో పావు వంతు పడుతుంది, ఆ మెరుపు పది నానోసెకన్లలో అయిపోతుంది. రెటీనా కాలితే తిరిగి రాదు. ఉంగరం, గడియారం, తడిసిన లోహం, ఏది తగిలినా కిరణం గదిలో తిరుగుతుంది. తగిన కళ్లద్దాలు లేకుండా ఎవరూ గదిలోకి రాకూడదు, తలుపు మీద హెచ్చరిక దీపం వెలగకుండా లేజరు వేయకూడదు. బజారులో దొరికే చవక ఆకుపచ్చ లేజర్ పాయింటర్లలో కంటికి కనిపించని పరారుణ కిరణం కూడా బయటికి రావచ్చు. పిల్లల చేతికి ఇవ్వకండి. ఉపాధ్యాయులకు ఇది నా ప్రత్యేకమైన మనవి.

లేజరు లేకుండా మన కాలేజీల్లో, బడుల్లో ఈ పని చేయలేమా? చేయగలం. సన్నని చీలిక వెనక ఎల్‌ఈడీ దీపాల వరుస పెడితే చాలినంత వెలుగు పలక వస్తుంది. గాజు తొట్టి, చిన్న పంపు, నీటికన్నా నూటికి మూడు మాత్రమే బరువైన పాలీఅమైడ్ పొడి, ఒక ఫోను. ఫోను వీడియో అడ్డంగా 1920 పిక్సెళ్లు. 19 సెంటీమీటర్లు చూస్తే పిక్సెలుకు 0.1 మిల్లీమీటరే. సెకనుకు 30 చిత్రాలు, నీటి వేగం 2 సెంటీమీటర్లు అయితే, చిత్రానికీ చిత్రానికీ మధ్య రేణువు ఆరేడు పిక్సెళ్లు జరుగుతుంది. ఇందాక వేసిన లెక్కకు సరిగ్గా సరిపోతుంది! లెక్కించడానికి ఓపెన్‌పీఐవీ అనే సాఫ్ట్‌వేరు ఉచితంగా దొరుకుతుంది. ఫోకస్, వెలుగు సర్దుబాటు ఫోను తనంతట తాను మార్చకుండా బిగించి పెట్టండి. తొట్టిలో నీటి మధ్య ఒక స్కేలు పెట్టి మొదట ఫొటో తీయండి. బయట గోడ మీద అంటించిన స్కేలు పనికిరాదు, వక్రీభవనం వల్ల కొలత మారుతుంది.

అలాంటి తొట్టి ఒకటి పక్క గదిలో పెట్టాం. అరడజను మంది చొప్పున రండి, తోసుకోవద్దు. పంపు వేయమని అందరూ అడుగుతారని తెలుసు. ముందు వేయం. నీరు కదలకుండా ఉన్నప్పుడు ఒక నిమిషం వీడియో తీసి, దాన్ని అలాగే లెక్కిస్తాం. వేగం సున్నా రావాలి. రాదు. దీపం వేడికి లేచే నీరు కొంత, రేణువుల మునక కొంత, కెమెరా అదురు కొంత, లెక్క పొరపాటు కొంత కలిసి ఏదో ఒక అంకె వస్తుంది. ఆ అంకెను బోర్డు మీద రాసి ఉంచి, ఆ తర్వాతే పంపు వేస్తాం. ప్రశ్నలు అక్కడే, తొట్టి దగ్గరే అడగండి.